ఒక్కరి కథ, ఎందరి కథ?

"ఎక్కడో ఒకరు ఇలా ఉంటే ఉండవచ్చు. కాని అందరూ ఇలా ఉంటారా?" - కథల మీద చర్చ జరిగే సభల్లో ఈ ప్రశ్న రాని సభను నేను చూడలేదు. ప్రశ్న వేసినవారు అక్కడితో కథ పని అయిపోయినట్లు కూర్చుంటారు. రచయిత లేచి, "ఇది కల్పన కాదండీ, నాకు తెలిసిన మనిషికి నిజంగా జరిగింది" అంటాడు. ఆయనా తన పని అయిపోయినట్లే కూర్చుంటాడు. మొదటివారికి కావలసింది జనాభా లెక్క. రెండోవారి దగ్గర ఉన్నది సాక్ష్యం. లెక్కకు సాక్ష్యం జవాబు కాదు, సాక్ష్యానికి లెక్క జవాబు కాదు. అందువల్ల ఆ చర్చ ఎప్పుడూ మొదలైన చోటే ఆగిపోతుంది.

మన విమర్శలో పాత్రకు "ప్రాతినిధ్యం" ఉండాలని యాభై అరవయ్యేళ్లకు పైగా అంటున్నాం. 'టిపికల్' అనే ఇంగ్లీషు మాటకు మనం చేసుకున్న అనువాదం అది. ఆ అనువాదంతో ఒక చిక్కు వచ్చింది. ప్రాతినిధ్యం అనగానే ఎన్నికలూ వోట్లూ గుర్తుకొస్తాయి. ఎక్కువమంది ఎలా ఉంటారో అలా ఉన్నవాడే ప్రతినిధి అనే అర్థం తెలియకుండానే చొరబడుతుంది. ఆ అర్థంలో చూస్తే ప్రతినిధి అంటే సగటు మనిషి. సగటు మనిషి మీద ఇంతవరకు ఎవరూ మంచి కథ రాయలేదు. రాయలేరు కూడా. ఎందుకంటే సగటు అనేది కాగితం మీద ఉంటుంది గాని వీధిలో కనిపించదు.

మరి ఒక్క ఉదాహరణ పదిమంది సంగతి ఎలా చెబుతుంది? ఏ మేరకు చెబుతుంది? ఎక్కడ చెప్పడం మానేస్తుంది? ఈ ప్రశ్నలకు సిద్ధాంత గ్రంథాల నుంచి జవాబు వెతికేముందు మన గోదావరి ఒడ్డునే జరిగిన ఒక ఉదాహరణను పరిశీలించడం మంచిది.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో, కందుకూరి వీరేశలింగంగారి ఇంట, గోగులపాటి శ్రీరాములుకూ బాల్యంలోనే భర్తను పోగొట్టుకున్న గౌరమ్మకూ పెళ్లి జరిగింది. తెలుగుదేశంలో మొదటి వితంతు వివాహంగా మనం చదువుకునే పెళ్లి ఇదే. గౌరమ్మ కృష్ణా జిల్లా పిల్ల. కావలసిన ధనసహాయం కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారిది. పెళ్లికి పోలీసు బందోబస్తు కావలసి వచ్చింది. విద్యార్థులు అండగా నిలిచారు.

సగటు లెక్కలో ఈ పెళ్లికి విలువ సున్న. ఆ సంవత్సరం గోదావరి జిల్లాలో పెళ్లిళ్లు ఎన్నో జరిగి ఉంటాయి. వాటిలో ఇలాంటిది మరొకటి ఆ రోజుకు లేదు. "అందరూ ఇలా ఉంటారా?" అని అడిగితే "ఒక్కరు కూడా ఇలా లేరు" అనే జవాబు చెప్పాలి. అయినా, ఆనాటి సమాజం ఎలాంటిదో తెలుసుకోవాలనుకున్న విద్యార్థికి ఆ సంవత్సరం జరిగిన మామూలు పెళ్లిళ్లన్నీ కలిసి చెప్పేదానికన్నా ఈ ఒక్క పెళ్లి ఎక్కువ చెబుతుంది. ఎందుకు?

మామూలు పెళ్లిలో కట్టుబాటు కనిపించదు. వంటవాడు వచ్చి వండుతాడు. నీళ్లు మోసేవాడు నీళ్లు మోస్తాడు. పురోహితుడు మంత్రం చదువుతాడు. బంధువులు బంతిలో కూర్చుని తింటారు. ఎవరి పని వారు చేస్తున్నట్లే ఉంటుంది. ఆ పనులన్నిటి వెనుక ఒక ఆజ్ఞ ఉన్నదనీ, అది ఏ క్షణంలోనైనా వెనక్కు తీసుకోదగినదనీ ఎవరికీ తోచదు. వీరేశలింగంగారి ఇంట్లో పెళ్లి అనేసరికి ఆ ఆజ్ఞ పైకి వచ్చింది. వంటవాళ్లు రాలేదు. నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. పీఠాధిపతి నుంచి బహిష్కార పత్రాలు వచ్చాయి. పెళ్లికి వెళ్లిన వాళ్లలోను, అంతకుముందు సభల్లో చప్పట్లు కొట్టిన వాళ్లలోను కొందరు ప్రాయశ్చిత్తాలు చేయించుకుని కులంలో తిరిగి చేరారు. వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చుకుని వంట చేసింది. అఖండ గోదావరి పక్కన ఉన్న ఊళ్లో బిందెడు నీళ్లు కరువైన సందర్భం అది.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. వితంతు వివాహాన్ని చట్టసమ్మతం చేస్తూ ప్రభుత్వం 1856లోనే పదిహేనో చట్టం చేసింది. ఈ పెళ్లినాటికి ఆ చట్టానికి ఇరవై అయిదేళ్లు. చట్టం పుస్తకం మాత్రమే చదివిన చరిత్రకారుడు, అడ్డంకి 1856లో తొలగిపోయిందని రాయవచ్చు. అడ్డంకి శాసనంలో లేదనీ, వంటింట్లో, నూతి దగ్గర, భోజనాల బంతిలో ఉన్నదనీ బయటపెట్టింది ఈ ఒక్క పెళ్లి. కట్టుబాటు పనిచేసే తీరు అది. దానికి పోలీసులు అక్కరలేదు. వంటవాడు రాకపోతే చాలు. ఆ పెళ్లిలో పోలీసులు వచ్చింది కట్టుబాటును కాపాడటానికి కాదు, దాన్ని దాటినవాళ్లను కాపాడటానికి.

కాబట్టి ఒక ఉదాహరణను అడగవలసిన ప్రశ్న "ఇలాంటివి ఎన్ని?" అనేది ఒక్కటే కాదు. "ఈ ఒక్కటి జరగడానికి ఏవి కదలవలసి వచ్చాయి? ఏవి కదలక అడ్డం నిలబడ్డాయి?" అని అడగాలి. ఆ అడ్డం నిలబడ్డవే ఆ సమాజంలో సర్వసాధారణమైనవి. గౌరమ్మ పెళ్లి అపురూపం. ఆమె పెళ్లికి రాని వంటవాడు అపురూపం కాదు. అలాంటివాడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. ఆ పెళ్లి జరిగి ఉండకపోతే అతడు మనకు కనిపించేవాడు కాదు.

ఇంతవరకు ఉదాహరణ పక్షాన మాట్లాడాను. దాని హద్దులు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మన పాఠ్యపుస్తకాలు ఈ సంఘటనను "తెలుగు స్త్రీ విముక్తి"కి నాంది అని రాస్తూ వచ్చాయి. ఏ తెలుగు స్త్రీ? భర్త పోయిన ఆడది మళ్లీ పెళ్లి చేసుకోరాదనే నిషేధం బ్రాహ్మణులకూ, వారి ఆచారాన్ని ఆదర్శంగా పెట్టుకున్న మరికొన్ని కులాలకూ సంబంధించినది. శ్రమజీవుల కులాల్లో అనేకం మారుమనువును తప్పుగా చూడలేదు. 'మారుమనువు' అనే మాట భాషలో స్థిరంగా ఉండటమే అందుకు ఒక సాక్ష్యం. లేని ఆచారానికి జనం పేరు పెట్టుకోరు. అంటే రాజమహేంద్రవరంలో 1881లో సాహసంగా జరిగినది, ఆ పట్టణానికి నాలుగు మైళ్ల అవతల పొలం పనులు చేసుకునే వాడల్లో కులపెద్దల ముందు సాదాసీదాగా జరిగిపోయే పని. దాన్ని ఎవరూ సంస్కరణ అనలేదు. ఏ పత్రికా రాయలేదు.

ఇందువల్ల వీరేశలింగంగారి కృషి తక్కువైపోదు. ఆయన తన ఎదుట ఉన్న గోడను కొట్టాడు. ఆ గోడను దేశం మొత్తానికి ప్రాకారం అని మనం రాసుకున్నాం. అది మన పొరపాటు. పైగా ఇంకొక విషయం ఉంది. చేతిలో భూమి నిలిచిన కులాలు మర్యాద కోసం మొదట మానుకున్న ఆచారాల్లో మారుమనువు ఒకటి. ఒకరి ఇంట్లో నిషేధం సడలుతున్న కాలంలోనే మరొకరి ఇంట్లో అదే నిషేధం హోదాగా ప్రవేశించింది. ఈ రెండో కదలికను గౌరమ్మ పెళ్లి మనకు చెప్పలేదు. దానికి వేరే ఉదాహరణ కావాలి. ఒక ఉదాహరణ తన చుట్టూ ఉన్న బలాలను ఎంత స్పష్టంగా చూపినా, ఆ బలాలు ఎంత దూరం వ్యాపించాయో చెప్పలేదు. దూరం కొలవడానికి రెండో ఉదాహరణో, లెక్కో ఉండాలి.

లెక్క అన్నాను కాబట్టి గురజాడను తలుచుకోవాలి. "కన్యాశుల్కం" తొలి ముద్రణకు 1897లో ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠిక మన సాహిత్య విద్యార్థులు నాటకమంత శ్రద్ధగా చదవవలసినది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల పట్టిక ఒకటి తయారు చేయించారు. మూడేళ్లలో నమోదైనవి 1,034. సాలుకు సగటున 344. అయిదేళ్ల వయసులో పెళ్లయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ఖరీదు మూడువందల యాభై నుంచి నాలుగు వందల రూపాయలు. అడిగితే జనం చెప్పడానికి ఇష్టపడలేదు కాబట్టి ఈ పట్టిక కూడా అసంపూర్ణమేనని గురజాడ స్పష్టం చేశారు.

ఇంత పట్టిక దగ్గర పెట్టుకున్న రచయిత ఏం చేశాడో చూడండి. నాటకంలో లుబ్ధావధాన్లుకు నిజంగా జరిగే పెళ్లి ఏది? కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆడపిల్ల అని చెప్పి అమ్మి చేసిన పెళ్లి. ఆ 1,034 పెళ్లిళ్లలో మగపిల్లవాణ్ణి పెళ్లాడిన వరుడు ఉన్నాడని ఎవరూ అనుకోరు. సగటును నమ్మే విమర్శకుడైతే "ఇలా ఎక్కడైనా జరుగుతుందా?" అని నాటకాన్ని పక్కన పెట్టవలసి ఉంటుంది. కాని శుల్కం ఇచ్చి పిల్లను తెచ్చుకోవడం సరుకు కొనడంతో సమానమనీ, కొనేవాడికి కావలసింది పిల్ల కాదు, బేరమనీ ఆ మారువేషపు పెళ్లి రుజువు చేసినంతగా పట్టికలోని ఏ అంకె రుజువు చేస్తుంది? బేరంలో సరుకును సరిగ్గా చూడకుండా డబ్బు చెల్లించిన ముసలివాడు మార్కెట్టు స్వభావాన్ని దాని చివరి అంచుదాకా తీసుకుపోయి చూపించాడు. పట్టిక ఆ దురాచారం ఎంత మేర పాకిందో చెప్పింది. నాటకం అది ఏమిటో చెప్పింది. గురజాడకు రెండూ కావలసి వచ్చాయి. పట్టికను పీఠికలో పెట్టాడు, నాటకంలో పెట్టలేదు. ఆ వివేకం మనవాళ్లలో చాలామందికి లేదు. అంకెలన్నీ పాత్రల నోట పలికించే కథలు నెలకు అరడజను చదువుతున్నాను.

ఈ సందర్భంలో ఎంగెల్సు మార్గరెట్ హార్క్‌నెస్‌కు 1888 ఏప్రిల్‌లో రాసిన ఉత్తరం గురించి రెండు మాటలు చెప్పాలి. మన వ్యాసాల్లో దాని నుంచి ఒకే ఒక్క వాక్యం తిరుగుతూ ఉంటుంది. మిగతా ఉత్తరం చదివినవాళ్లు తక్కువ. హార్క్‌నెస్ లండన్ ఈస్ట్ ఎండ్‌లోని పేద కార్మిక యువతి గురించి "సిటీ గర్ల్" అనే నవలిక రాసింది. ఎంగెల్సు దాన్ని మెచ్చుకున్నాడు. పాత్రలు తమ మేరకు ప్రాతినిధ్యం గలవేనన్నాడు. వాటి చుట్టూ ఉన్న పరిస్థితులు మాత్రం అంత ప్రాతినిధ్యం గలవి కావన్నాడు. నవలలో కార్మికులు నిశ్చేష్టులుగా, పైనుంచి ఎవరో వచ్చి చెయ్యి అందిస్తే తప్ప లేవలేని వారుగా ఉన్నారనీ, అర్ధశతాబ్దపు పోరాటాల తరువాత అది చాలదనీ ఆయన ఆక్షేపణ. అయితే, మనం సాధారణంగా విడిచిపెట్టే సంగతి ఇది: ఈస్ట్ ఎండ్ కార్మికులంత నిస్తబ్ధంగా ఉన్నవారు నాగరిక ప్రపంచంలో మరెక్కడా లేరని ఆయనే ఒప్పుకున్నాడు. అంటే రచయిత్రి సగటును సరిగానే పట్టుకుంది.

ఆ ఉత్తరం రాసిన మూడు నెలలకు, 1888 జులైలో, అదే ఈస్ట్ ఎండ్‌లో బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లలు సమ్మె చేసి గెలిచారు. 1889లో అక్కడి రేవు కార్మికుల మహా సమ్మె జరిగింది. ఆ నవలలోని యువతి వంటివాళ్లే ఆ సమ్మె చేసినవాళ్లు కూడా. వాళ్లను నిశ్చేష్టులుగా చూపిన రచన అబద్ధమాడలేదు. కాని వాళ్లలో కూడుకుంటున్నదాన్ని అది చూడలేదు. ఎంగెల్సు మాత్రం జోస్యం చెప్పాడా? చెప్పలేదు. ఆ రోజున లెక్కకు అందేదానితో సరిపెట్టుకోవద్దని మాత్రమే అన్నాడు. కదిలే వస్తువును ఒక్క ఛాయాచిత్రంలో చూసి అది నిలబడి ఉన్నదనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

సగటుకు ఎంతో దూరంగా ఉండి కూడా ప్రాతినిధ్యం వహించే పాత్రకు గోదావరి జిల్లాల సాహిత్యం నుంచే ఉదాహరణ కావాలంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి "గులాబీ అత్తరు" చాలు. పొలమూరులో పుట్టి రాజమహేంద్రవరంలో స్థిరపడిన శ్రీపాదవారు పెద్దాపురం కోట వాకిట్లో నిలబెట్టిన షుకురల్లీఖాన్ లాంటి అత్తరు పనివాడు దేశంలో ఎందరుంటారు? ఒక్కడు ఉంటే గొప్ప. కాని పనితనానికీ దాన్ని ఆదరించగల ప్రభువుకూ నడుమ అడ్డుపడి తన వాటా అడిగే మధ్యవర్తి మాత్రం ప్రతి కోటలోనూ ఉన్నాడు. కోటలు పోయిన తరువాత ప్రతి ఆఫీసులోనూ ఉన్నాడు. అత్తరు పనివాడు అసాధారణుడు కాబట్టే ఆ మధ్యవర్తి నీచత్వం మన కంటికి ఆనింది. మామూలు సరుకు తెచ్చినవాడైతే వాటా ఇచ్చి లోపలికి వెళ్లిపోయేవాడు, కథ ఉండేది కాదు. పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" కూడా ఈ జాతికి చెందినదే. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ఆ కథలో రాత్రి మామూలు రాత్రి కాదు. మామూలు రాత్రి అయితే ఆ పెద్దమనిషి క్రమశిక్షణ చెక్కుచెదరకుండా నిద్రపోయేది.

పాత్ర సంగతి అలా ఉంచి పరిస్థితుల సంగతికి వస్తాను. మన డెల్టా రచయితలు ప్రత్యేకంగా ఆలోచించవలసింది ఇక్కడే. ఒక చోట నిజమైన ఉదాహరణను దాని నేల నుంచి పెరికి మరొక చోట నాటితే ఏమవుతుందో మన చరిత్రలోనే ఒక పెద్ద పాఠం ఉంది. అది సాహిత్యానికి సంబంధించినది కాదు, కాలవలకు సంబంధించినది.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు కరువులతో చిక్కి సగమైన డెల్టా ఈ ఆనకట్టతో కోలుకుంది. సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఈనాటికీ ఆ చోటనే ఆధారపడి ఉంది. ఆర్థర్ కాటన్ విగ్రహానికి మన ఊళ్లలో దండలు పడుతున్నాయంటే కారణం ఉంది. కాటన్ ఈ ఒక్క ఉదాహరణతో దేశం మొత్తానికి వాదించాడు. గోదావరి దగ్గర పెట్టుబడికి ఇంత ఫలితం వచ్చింది గనుక మిగతా చోట్లా వస్తుందన్నాడు. లండన్‌లో మదుపుదారులు విన్నారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద నూటికి అయిదు వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. తుంగభద్ర మీద సుంకేశుల నుంచి కడపదాకా దాదాపు నూటతొంభై మైళ్ల కాలవ 1860లలో తవ్వారు. అదే కర్నూలు - కడప కాలవ. నీళ్లు వచ్చాయి. రైతులు తీసుకోలేదు. కంపెనీకి వడ్డీ గిట్టలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలవను కొనుక్కోవలసి వచ్చింది.

రైతులు మూర్ఖులు కాబట్టి తీసుకోలేదని ఆనాటి కొందరు అధికారులు రాసుకున్నారు. రైతులకు తమ నేల తెలుసు. కర్నూలు నల్లరేగడి ఒక మంచి పదునుకు నెలల తరబడి తేమ పట్టి ఉంచుతుంది. అందులో జొన్న, పత్తి పండుతాయి. ఆ నేలకు వరిమడి నీళ్లు పెడితే మేలుకన్నా కీడు ఎక్కువ కావచ్చు. వరికి కావలసిన మనుషులు, పశువులు, ఎరువు అక్కడ లేవు. నీటి తీరువా మాత్రం ఉంది. గోదావరి డెల్టా విషయం వేరు. సముద్రం వైపు వాలిన ఒండ్రు నేల, తలాపున ఏడాది పొడుగునా ఏదో మేరకు పారే నది, ఏటి వరదనూ చెరువు నీటినీ నమ్ముకుని తరతరాలుగా వరి పండిస్తున్న రైతు - ఈ మూడూ ముందే ఉన్న చోట ఆనకట్ట వచ్చింది. ఆనకట్టను మాత్రం కర్నూలుకు తీసుకుపోవచ్చు. ఆ మూడింటినీ తీసుకుపోలేరు. తరువాతి కాలంలో ఆ కాలవ కింద సేద్యం పెరిగింది, నిజమే. కాని అది అక్కడి రైతు తన పంటలతో, తన అవసరాలతో దాన్ని మలుచుకున్న తరువాత. గోదావరి ఉదాహరణ అక్కడ ఆ మొదటి రోజుల్లో ఏమీ రుజువు చేయలేకపోయింది.

ఈ కాలవ కథను ఇంత దూరం చెప్పడానికి కారణం ఉంది. మన సాహిత్యంలో, అంతకు మించి మన సినిమాల్లో, "తెలుగు పల్లె" అంటే కొబ్బరి చెట్లు, పంట కాలవ, వరిచేలు, పెంకుటిల్లు, మండువా లోగిలి. ఈ పల్లె అబద్ధం కాదు. కోనసీమ వెళితే కనిపిస్తుంది. కాని తెలుగువాళ్లలో అత్యధికులు అలాంటి పల్లెలో ఎన్నడూ లేరు. పాలమూరులో వలస బండి ఎక్కే మనిషికి, అనంతపురంలో వేరుశనగ చేను వంక చూస్తూ కూర్చున్న రైతుకు ఈ పల్లె పరాయిది. డెల్టా రచయితలు చదువుకోగలిగారు, అచ్చు యంత్రాలు ముందు వారి చేతికి వచ్చాయి, అందుకు కావలసిన మిగులు ఈ కాలవల వల్లే వచ్చింది. అందువల్ల వారి ఊరే అందరి ఊరై కూర్చుంది. రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర రచయితలు తమ ఊళ్లను తామే రాసుకుని ఈ లెక్క సరిచేశారు. ఆ పని మన మీద కోపంతో చేశారని బాధపడేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. కోపమైనా న్యాయమైనదే.

అయితే డెల్టా పల్లె డెల్టాకైనా ప్రాతినిధ్యం వహించిందా? ఈ మధ్య ఒక యువ రచయిత కోనసీమ నేపథ్యంగా రాసిన కథ వినిపించాడు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి వేయకుండా పంట విరామం ప్రకటించారు గదా, ఆ ఏటి కథ. పచ్చని ఆయకట్టులో, కాలవలో నీళ్లు పారుతుండగా చేలు బీడు పడి ఉంటాయి. మద్దతు ధర ఖర్చులకు చాలదు. మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి. ఆ ఏడు ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘాన్ని కూడా వేసింది. కథలో రైతు గట్టు మీద నిలబడి బీడు పడిన చేను చూస్తాడు. చక్కగా రాశాడు. విన్నవాళ్లలో ఒకాయన అలవాటు ప్రకారం, "డెల్టాలో ఇలా ఎప్పుడో ఒక్క ఏడు జరిగింది. అదొక మినహాయింపు" అన్నారు.

మినహాయింపు అనే మాటతో నాకు పేచీ లేదు. నూటయాభై ఏళ్లకు పైగా పారిన నీటిని ఒక ఏడు వద్దనడం మినహాయింపే. అందుకే అది పనికొచ్చే ఉదాహరణ. నేను రచయితను అడిగింది వేరు: "బాబూ, మీ రైతుది సొంత చేనా, కౌలు చేనా?" కథలో ఆ సంగతి లేదు. అతనికి ఆ ప్రశ్న తట్టలేదు. డెల్టాలో సాగు చేసే చేతులు ఒకరివి, పట్టాదారు పాసుపుస్తకం మరొకరిది కావడం ఎంత మామూలో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. సొంత భూమి ఉన్నవాడు ఒక పంట వదిలేస్తే ఆదాయం పోతుంది, భూమి మిగులుతుంది. కౌలుదారు వదిలేస్తే వచ్చే ఏటికి ఆ చేను తనకు దక్కుతుందో లేదో తెలియదు. పంట విరామం అనే ఒక్క మాట కింద ఇద్దరూ ఉన్నారు. ఒకరికది నిరసన, మరొకరికది అంతకన్నా చాలా ప్రమాదకరమైన పని.

ఆ సంవత్సరమే, 2011లో, కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం కూడా వచ్చింది. 2019లో దాని స్థానంలో సాగుదారు హక్కు పత్రాల చట్టం వచ్చింది. ఈ రెండో చట్టం ప్రకారం పదకొండు నెలలకు ఇచ్చే ఆ పత్రం మీద భూయజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని భయం. చేను చేస్తున్న మనిషి, తాను చేస్తున్నానని చెప్పుకోవడానికి, చేయని మనిషి దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్లాలి. 1856 నాటి చట్టానికీ 1881లో రాని వంటవాడికీ ఎలాంటి సంబంధం ఉందో, ఈ చట్టానికీ ఆ సంతకానికీ అలాంటి సంబంధమే ఉంది. అతను కథను తిరిగి రాసేటట్లయితే ఆ గట్టు మీదినుంచి దిగి, యజమాని అరుగు దాకా నడవాలని చెప్పాను. అరుగు మీద జరిగే సంభాషణలో కేకలు ఉండవు. "చూద్దాంలేరా" అనే ఒక్క మాట ఉంటుంది. ఆ మాట డెల్టా పొడుగునా ఎన్ని అరుగుల మీద వినబడుతుందో లెక్క తీయడం రెవెన్యూ వాళ్ల పని. అది ఎలా అంటారో, అన్నాక ఎదుటివాడు తలగుడ్డ ఎలా సర్దుకుంటాడో రాయడం మన పని.

ఇంకొక మనిషి సంగతి కూడా అడిగాను. చేలు బీడు పెట్టిన ఏడు ఊడ్పులు లేవు, కలుపులు లేవు, కోతలు లేవు. ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లకు ఆ విరామం ఎవరూ చెప్పి అడిగి ఇచ్చినది కాదు. రైతు గట్టు మీద నిలబడి చూస్తున్న వేళకు ఆమె ఏ పనికి, ఎంత దూరం, ఎవరి ఆటో ఎక్కి వెళ్లింది? రచయిత కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, ఆమె తన కథలో లేదని ఒప్పుకున్నాడు. వాళ్ల వీధి చివర అలాంటి ఇల్లు ఒకటి ఉందని, వెళ్లి అడుగుతానని అన్నాడు.